తాళంచెవి ఎవరి దగ్గర?

తెల్లది మిల్లుకు, గులాబీది మాకు,
పచ్చది పని కాడ తగిలించేందుకు.
నడుమ రెండు కార్బన్ పేపర్లు.
గట్టిగ ఒత్తి రాయకపోతే
మూడో కాగితం దాకా ప్రమాదం దిగదు.

మిర్యాలగూడ, కోదాడ రోడ్డు, ఆరో నంబరు షట్టర్.
పైపుల పని గుత్తకు పట్టే ఆసామి దగ్గర
తొమ్మిదేండ్ల సంది భద్రత అంటే నా చేతిరాతే.

పని: ఆవిరి లైను, రెండంగుళాల వాల్వు మార్పు.
స్థలం: ఉప్పుడు బియ్యం మిల్లు, బాయిలర్ వెనక.
ప్రమాదాలు: కాలడం, జారడం, పైనుంచి పడటం.
జాగ్రత్తలు: చేతితొడుగులు, బూట్లు, హెల్మెట్.

చానా ఏండ్లు నేను ఇది మిల్లు చూసి రాయలే,
నిన్నటి కాగితం చూసి రాసిన.
నిన్నటిది మొన్నటిది చూసి.
ఒకపారి దవాఖానల గీజరు పనికి పోయిన కాగితంల
"ఊక పొగ కండ్లల్ల పడకుండ అద్దాలు" అని ఉండె.
ఎవ్వరూ అడగలే.
డాక్టరు గూడ సంతకం పెట్టిండు.

మట్టపల్లికి చదువు రాదు.
పైపుకు స్క్రూడ్రైవరు ఆనించి, పిడి చెవుల పెట్టుకొని
లోపట ఆవిరుందో, నీళ్లున్నయో, ఉత్త గాలో చెప్తడు.
వేలిముద్ర వేసే ముందు
"ఏం రాసినవమ్మా?" అంటడు. చదువుత.
"గంతేనా? పైలం అని రాయలే?"
"అదే అన్నా, భద్రత అని రాసిన."
"ఆ మాట మా ఇంట్ల ఎవ్వరం అనం గదా."

ఇగ సైదులు సంగతి.
పోయిన వానకాలం వడ్లు,
మిల్లులు రాత్రింబగళ్లు నడిచే రోజులు.
వాల్వుకు తగిలించిన పచ్చకాగితం
పెద్దక్షరాలతోని రెండు వరుసలు రాసింది,
ఆవిరికి నాని నాని కింది వరుస రాలిపోయింది.
"తెరవ" మిగిలింది.
"వద్దు" ఊకల కలిసింది.
షిఫ్టు మారి వచ్చిన పిలగాడు తిప్పిండు.
సైదులు కుడిచేయి, మోచేతి నుంచి మణికట్టు దాకా,
నానబెట్టిన అనపగింజ పొట్టు లెక్క ఊడొచ్చింది.

మర్నాడు తనిఖీ అని ఫోనొచ్చింది.
ఆసామి తలుపు దగ్గరికేసి మెల్లగ అన్నడు:
"తాళం వేసినట్టు ఒక కాగితం ఉంటే మంచిదమ్మా,
మొన్నటి తారీఖుతోని."
రాసిన.
మూడో కాగితం దాక దిగేటట్టు ఒత్తి రాసిన.
"తాళంచెవి ఎవరి దగ్గర?" అన్న గడిల
సైదులు పేరు రాసిన.

స్టాంపు ప్యాడ్ పట్టుకొని దవాఖానకు నేనే పోయిన.
కుడిచేతికి కట్టు.
ఎడమచెయ్యి చాపిండు.
చదవమని అడగలే.
బొటనవేలికంటిన నీలం తుడవనీకి
నా కొంగు తప్ప ఏం దొరకలే.

ఇప్పుడు కాగితం కంటె ముందు నేను పోత.
బాయిలర్ వెనక బూడిదల నా చెప్పుల గుర్తులు.
వాల్వుకు గొలుసు, గొలుసుకు తాళం,
నూట ఎనభై, నా జీతంలకెల్లి.
తాళంచెవి మట్టపల్లి మొలతాడుకు
జాన్‌పహాడ్ తాయెత్తు పక్కన ఏలాడుతది.
గడిల "మొలతాడు" అనే రాసిన.
సేఫ్టీ సారు ఎర్రపెన్నుతోని కొట్టేసిండు.
మల్ల రాసిన.

ఆఖరి గడి ఒకటుంటది:
"పని ముగిసింది, అందరూ బయటికి వచ్చినారు."
ఎన్కట పొద్దున్నే నింపి పెట్టేదాన్ని,
సాయంత్రం దాక ఆగుడెందుకని.

ఇయ్యాల ఏడు దాటింది.
చిమ్నీ మసి ఛాయ గ్లాసుల పడుతున్నది.
లోపటికి ముగ్గురు పోయిండ్రు.
ఇద్దరు మొఖాలు కడుక్కుంటున్నరు.
మట్టపల్లి రెంచి మరిచిండట,
మల్ల లోపటికి పోయిండు.

పెన్ను గడి మీద ఆనించే ఉన్న.
ఒత్తుతలేను.